ఎడారి ఇంటి ఫొటో, ఉద్దానం గాలి: పాత ఇల్లు బాగుచేయించే ముందు

మా బావ పద్నాలుగేళ్లు మస్కట్‌లో సెంట్రింగ్ ఫోర్‌మన్‌గా పనిచేసి నిరుడు సంక్రాంతికి ఊరొచ్చేశాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సోంపేట దగ్గర వాళ్ల ఊరు. డాబా ఎక్కితే కొబ్బరి తోటల మీదుగా సముద్రపు హోరు వినిపిస్తుంది. ఇంటి ముందు భాగం తాతలనాటి పెంకుటిల్లు, వెనక భాగం ముప్ఫై ఏళ్ల కిందట వేసిన స్లాబు. వచ్చిన వారానికే ఫోన్లో అక్కడి ఇంటి ఫొటో ఒకటి చూపించాడు. తెల్లటి పెట్టెలాంటి ఇల్లు. చూరు లేదు, సన్‌షేడ్లు లేవు, కిటికీలు సన్నటి చీలికల్లా ఉన్నాయి, పైన చదునైన కప్పు.

"మనదీ ఇలా మార్పించేద్దాం. పడమటి కిటికీలు ఇటుకలు పెట్టి మూసేస్తే ఎండ రాదు. గదికో ఏసీ పెట్టుకుంటే మీ అక్క సుఖపడుద్ది" అన్నాడు.

కోరికలో తప్పేమీ లేదు. కంచిలి, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టుపక్కల గల్ఫ్ వెళ్లొచ్చిన ఇళ్లలో చాలామందికి ఇదే కోరిక. కానీ ఆ ఫొటోలో ఉన్న ఇల్లు దాని ఊరి వాతావరణానికి పుట్టిన ఇల్లు. దాన్ని ఇక్కడ దింపే ముందు అదెందుకు అలా ఉందో తెలుసుకోవాలి.

ఎడారిలో ఇంటి ముందున్న సమస్య ఎండ, పొడి గాలి. జైసల్మేరులో మే నెల పగలు 42 డిగ్రీలుంటే తెల్లారేసరికి 26, 27కి దిగిపోతుంది. పగటికీ రాత్రికీ అంత తేడా ఉన్నచోట మందపాటి గోడ బ్యాంకులా పనిచేస్తుంది. పగటి వేడిని నెమ్మదిగా తనలో దాచుకుని, బయట చల్లబడ్డాక వదిలేస్తుంది. అందుకే అక్కడ గోడలు మందం, కిటికీలు చిన్నవి. దుబాయి పాత ఇళ్ల మీద బర్జీల్ అనే గాలి గోపురాలుంటాయి, ఇరాన్‌లోని యజ్ద్ నగరమైతే వాటికే ప్రసిద్ధి. పైన వీచే గాలిని పట్టి గదిలోకి దించడం వాటి పని. గల్ఫ్ తీరాన వేసవిలో ఉక్కపోత మన కంటే తక్కువేమీ కాదు. ఇప్పటి ఇళ్లు దాన్ని గట్టిగా బిగించిన కిటికీలతో, రేయింబవళ్లు నడిచే ఏసీతో దాటుతున్నాయి. ఇక వాన. మస్కట్‌లో ఏడాది మొత్తానికి పడేది సుమారు 100 మి.మీ. చూరు, వాలు, తూము గురించి అంతగా ఆలోచించాల్సిన అవసరం ఆ ఇంటికి రాలేదు. 2024 ఏప్రిల్ 16న ఎమిరేట్స్‌లో అల్ ఐన్ దగ్గర ఒక్కచోట 24 గంటల్లోపే 254 మి.మీ. కురిస్తే, దుబాయి రోడ్లు చెరువులై విమానాశ్రయం స్తంభించింది. మనకీ అది కుండపోత వానే, కానీ వాళ్లకు విపత్తు.

ఇప్పుడు మన సంగతి. కళింగపట్నంలో మే నెల పగలు 34, 35 డిగ్రీలుంటే రాత్రి 27, 28. గోడ దాచుకున్న వేడిని దింపుకోవడానికి చల్లటి రాత్రి దొరకదు. నీడ లేని మందపు గోడ సాయంత్రమయ్యాక మంచం పక్కన కుంపటి పెట్టినట్టే ఉంటుంది. ఇక్కడ ఒంటికి హాయినిచ్చేది గాలి కదలిక ఒక్కటే. మన తీరంలో సముద్రం ఆగ్నేయం వైపు ఉంటుంది, మధ్యాహ్నం అటునుంచే గాలి తిరుగుతుంది. ఆ గాలి ఒక వైపు నుంచి లోపలికి రావాలంటే ఎదుటి వైపు నుంచి బయటికి పోవాలి. బావ మూసేద్దామన్న పడమటి కిటికీలే ఆ ఇంటికి గాలి పోయే దారి. అవి ఇటుకతో మూస్తే తూర్పు కిటికీ ఎంత బార్లా తెరిచినా గాలి గుమ్మం దాటదు. మూయాల్సింది ఎండని. దానికి కిటికీ మీద లోతైన సన్‌షేడ్, పక్కన నిలువు పలక, లేదంటే గోడకు కాస్త దూరంలో ఒక వేపచెట్టు చాలు. నేనైతే చెట్టుకే ఓటేస్తాను, కాకపోతే వేర్లు పునాది వైపు రాకుండా ఇంకాస్త దూరం జరిపి.

కూలర్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తడిసిన గడ్డిలోంచి గాలి వెళ్లి చల్లబడడం దాని సూత్రం. గాలి 40 డిగ్రీల వేడిగా, తేమ 15 శాతమే ఉంటే ఆ గాలిని మహా అయితే దాదాపు 21 డిగ్రీల దాకా దించవచ్చు. అదే 34 డిగ్రీల వేడి, 75 శాతం తేమ ఉన్న మన గాలి 30 కంటే కిందికి దిగదు, పైగా గదిలో చెమ్మ పెరుగుతుంది. మన తీరంలో కూలరు కొన్నవాళ్లు రెండో వేసవికి దాన్ని అటకెక్కించడానికి కారణం ఇదే.

ఏసీ వద్దని నేను అనను. వయసు మళ్లినవాళ్లున్న ఇంట్లో అది అవసరం. కానీ ఒక్క గదికి బాగా బిగించి పెట్టుకుని, మిగతా ఇల్లు గాలికి వదిలేయడం మేలు. చల్లటి గది గోడకు అవతలి వైపు, బీరువాల వెనక తేమ పట్టి నల్లగా బూజు తేలుతుంది. చల్లటి చెంబుకి బయట నీటి బొట్లు పట్టినట్టే.

మే నెల మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. ఆ నెలలో గోడల కంటే కప్పే ఎక్కువ ఎండ తింటుంది. అందుకని వేడి తగ్గించడానికి పెట్టే మొదటి రూపాయి స్లాబు మీద పెట్టాలి. తెల్లటి సున్నం పూత, తెల్ల చైనా మొజాయిక్, కూల్ రూఫ్ పెయింటు, ఏదైనా సరే, తెల్లగా ఉండాలి, తెల్లగా ఉంచుకోవాలి. నాచు పట్టి నల్లబడితే దాని పని అయిపోయినట్టే.

ఇక నీళ్లు. శ్రీకాకుళం జిల్లాలో ఏడాదికి 1,000 మి.మీ. పైనే వాన పడుతుంది, అందులో పెద్ద వాటా కొద్ది రోజుల్లోనే కుమ్మరిస్తుంది. గంటలో 100 మి.మీ. పడిందనుకోండి. 1,200 చదరపు అడుగుల డాబా మీద ఆ గంటలో దాదాపు 11 వేల లీటర్లు పడ్డట్టు, అంటే ఒక చిన్న ట్యాంకరు లారీ. అలాంటి వానకి 4 అంగుళాల గొట్టం ఒక్కోటి సుమారు 40 చదరపు మీటర్ల కప్పుకే సరిపోతుంది. లెక్కన ఆ డాబాకి మూడు గొట్టాలు కావాలి. మా అక్క వాళ్ల డాబాకి ఉన్నది రెండు అంగుళాల తూము ఒకటి, అందులోనూ సగం కొబ్బరి పీచు. ఫొటోలోని చదునైన కప్పు ఇక్కడ కుదరకపోవడానికి కారణం ఈ లెక్కే. పది అడుగులకి అంగుళంన్నర వాలైనా ఉండాలి, పిట్టగోడ, స్లాబు కలిసే మూల గుండ్రంగా పూడ్చి ఉండాలి. నీరు మొదట దూరేది ఆ మూలలోనే.

మేస్త్రీ ముసలాయన ఒకాయన ఇల్లు చూడ్డానికి వచ్చాడు. గోడలు, గదులు అని బావ చెప్పుకుపోతుంటే ఆయన డాబా మీద ఒక చెంబు నీళ్లు ఒంపి చూస్తూ నిలబడ్డాడు. "బాబూ, నీరు ఎటు పోవాలో ముందు సెప్పండి. గోడల సంగతి తర్వాత సూద్దుం" అన్నాడు. ఇంజనీరు అయినా అంతకంటే మంచి మాట చెప్పలేడు.

గాలివాన మరో పెద్ద లెక్క. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరాన్నీ ఊపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. ఆ తెల్లవారి మా అక్క వాళ్ల వంటింటి రేకులు మూడిళ్ల అవతల చింతచెట్టులో ఉన్నాయి. గాలి కప్పును కిందికి నొక్కుతుందని అనుకుంటాం. నిజానికి కప్పు మీదుగా వేగంగా పోయే గాలి దాన్ని పైకి లాగుతుంది, చూరు కింద చిక్కిన గాలి కూడా పైకే తోస్తుంది. భవనాల గాలి వేగపు ప్రమాణాల్లో విశాఖకు లెక్కించేది సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. మన పెద్దవాళ్లు దీన్ని అనుభవంతో గ్రహించారు. తీరం వెంబడి కట్టుకున్న చుట్టిళ్లు గుండ్రంగా ఉండేవి. గాలికి ఎదురు నిలబడే పెద్ద గోడ ఉండదు, కప్పు నేలకు దగ్గరగా వాలి ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఎండకీ వానజల్లుకీ చూరు పొడుగ్గా కావాలి, తుపానుకి పొట్టిగా కావాలి. రెండింటికీ నప్పే దారి, ఇంటి అసలు కప్పుకు చూరు పొట్టిగా ఉంచి, వసారాకు వేరే కప్పు వేయడం. రెండూ ఒకే వాసాల మీద సాగకూడదు. గాలి వసారాను లేపుకుపోయినా అసలు కప్పు మిగులుతుంది. పెంకు లేదా రేకు కప్పైతే నాలుగు వైపులా వాలున్నది, 22 నుంచి 30 డిగ్రీల మధ్య వాలుతో ఉన్నది, రెండు వాలుల కప్పు కంటే గాలికి బాగా తట్టుకుంటుంది. వాసం దూలానికి, దూలం గోడకి, గోడ పునాదికి ఇనుప పట్టీలతో పట్టు ఉండాలి. గొలుసులో ఒక్క కొక్కెం వదులైనా మిగతావన్నీ వృథా.

ఇంత చెప్పినా, మా బావ ఇంటికి అసలు గండం వేరే ఉందని పని మొదలెట్టే ముందు రోజు తెలిసింది. వెనక గదుల్లో స్లాబు అడుగున అక్కడక్కడా పెచ్చులూడి ఉన్నాయి. కాంట్రాక్టరు ఒకాయన చూసి, "పుట్టీ పెట్టి కింద పీవోపీ సీలింగు వేసేస్తే కనబడదు" అన్నాడు. ముసలి మేస్త్రీ సుత్తి తిరగేసి కర్రతో ఆ చోట తట్టాడు. గట్టి కాంక్రీటు ఠంగుమంటుంది. ఇది కుండ మీద వేలితో కొట్టినట్టు డొల్లగా పలికింది. ఇంకో దెబ్బ వేసేసరికి అరచేయంత పెచ్చు రాలింది. లోపల 10 మి.మీ. రాడ్డు ఉండాల్సిన చోట ఎర్రటి పొరలు పొరలుగా పెన్సిలంత మిగిలింది. రాడ్డు కింద కాంక్రీటు మందం వేలి గోరంత.

ఉప్పుగాలి చేసే పని ఇది. గాలిలోని లవణం నీటితో కలిసి కాంక్రీటు సూక్ష్మ రంధ్రాల్లోంచి రాడ్డు దాకా పోతుంది. ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకే కాంక్రీటు పగిలి పెచ్చుగా ఊడుతుంది. అంటే పెచ్చు ఊడడం రోగం కాదు, రోగం ముదిరాక కనిపించే గుర్తు. దాని మీద సీలింగు వేయడమంటే పడుకునే మంచం మీద రాయి వేలాడదీసి గుడ్డ కప్పడమే.

దేశంలో కాంక్రీటు పనికి ప్రామాణికమైన ఐఎస్ 456 తీరప్రాంతంలో గాలికి తెరిచి ఉన్న కాంక్రీటును తీవ్ర పరిస్థితిగా లెక్కిస్తుంది. అలాంటి చోట రాడ్డుకి బయట 45 మి.మీ. కాంక్రీటు పొర, కనీసం ఎం30 మిశ్రమం (ఎం పక్క అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ) ఉండాలంటుంది. ఉప్పు బెడద లేని లోపలి ఊళ్లలో 20 మి.మీ., ఎం20 సరిపోతాయి. తీరానికీ లోపలికీ ఇంత తేడా. సముద్రానికి దూరంగా సాలూరులో పని నేర్చుకున్న మేస్త్రీ అదే అలవాటుతో తీరాన ఉన్న బారువలో స్లాబు వేస్తే అతని పనితనం ఎంత గొప్పదైనా ఆ స్లాబు బతకదు. ఇసుక ఏటి ఇసుకే కావాలి, వంశధారదో నాగావళిదో. దిబ్బ ఇసుక చవగ్గా దొరికినా ముట్టకూడదు. రాడ్డు వేసే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడు (ఉప్పులోని లవణం) లీటరుకి 500 మిల్లీగ్రాములు మించకూడదని అదే ప్రమాణం చెబుతోంది. బోరు నీళ్లు నాలుకకి ఉప్పగా తగిలితే పరీక్ష చేయించకుండా వాడొద్దు. సిమెంటులో స్లాగ్ (ఇనుప కొలిమిలో మిగిలే చిట్టెం పొడి) కలిసిన రకం క్లోరైడును బాగా అడ్డుకుంటుంది. కాకపోతే దానికి నీళ్లు కట్టడం ఎక్కువ రోజులు కావాలి. ఎండాకాలంలో పద్నాలుగు రోజులు. నాలుగో రోజుకే గోనెలు తీసేస్తే మంచి సిమెంటు కొన్న ఫలం పోతుంది.

బావ ఇంటికి స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిపించాం. రెండు గదుల్లో రాడ్డు వెనక్కంటా కాంక్రీటు చెక్కి, తుప్పు ఇనుప బ్రష్షుతో గీకి, మందం పోయిన చోట కొత్త రాడ్డు జోడించి మరమ్మతు చేయొచ్చన్నాడు. వంటింటి స్లాబు మాత్రం తీసి కొత్తది వేయాల్సిందేనన్నాడు. ముందు భాగం పెంకుటింటి గోడల గురించి ఆయన చెప్పిన ఇంకో మాట చాలామందికి పనికొస్తుంది. ఆ గోడలు సున్నంతో, మట్టితో కట్టినవి. కింద నేల నుంచి పీల్చిన చెమ్మను పైపూత గుండా బయటికి వదిలేస్తాయి. వాటికి సిమెంటు ప్లాస్టరింగ్ చేస్తే చెమ్మకు దారి మూసుకుపోయి ఇంకా పైకెక్కుతుంది, గోడ చౌడు పట్టి పొడిపొడిగా రాలుతుంది. అక్కడ సున్నపు పూతే వేయించమన్నాడు. హాలు పెద్దది చేయడానికి మధ్య గోడ తీసేద్దామన్న ఆలోచనా అప్పుడే మానుకున్నాం. స్తంభాలు లేని ఇంట్లో కప్పు బరువంతా గోడలదే. దూలం వేసి నిలబెట్టకుండా గునపం పడితే అది మరమ్మతు అనిపించుకోదు.

ఇప్పుడు కాంట్రాక్టు. మా బావ మొదట చేసుకున్న ఒప్పందం డైరీలో ఒక పేజీ. చదరపు అడుగుకి ఇంత, అడ్వాన్సు ఇంత, కింద సంతకం. కొత్త ఇంటికి చదరపు అడుగు రేటు ఎంతో కొంత నప్పుతుంది. పాత ఇంటికి నప్పదు. ఎంత కూల్చాలో, ఎంత మోయించాలో, గోడ వెనక ఏముందో ఎవరికీ తెలియదు. అందుకే కాంట్రాక్టరు తన భయానికి రేటు పెంచుతాడు, లేదా తక్కువ చెప్పి ప్రతి దానికీ ఎక్స్‌ట్రా అంటాడు. అతన్ని పూర్తిగా తప్పుపట్టలేం. తెలియనిదాన్ని ఒకే రేటులో ఇరికించమని అడిగింది మనమే.

అప్పుడు నేనడిగాను, "బావా, మస్కట్‌లో మీ సైట్లో ఏదైనా మార్పు చేయాలంటే ఏం చేసేవారు?" అని. ఆయన తడుముకోకుండా చెప్పాడు. వేరియేషన్ ఆర్డరు రాసి, రేటు వేసి, ఇద్దరూ సంతకం పెట్టాకే పని. రాడ్డు కట్టాక ఇంజనీరు వచ్చి చూసి సంతకం పెడితేనే కాంక్రీటు. ఆఖర్న లోపాల జాబితా, అవన్నీ సరిచేశాకే ఆఖరి బిల్లు. "సంతకం లేందే సుత్తి ఎత్తేవోళ్లం కాదు" అన్నాడు. ఆ మాట అంటూ అంటూ తనే ఆగిపోయాడు. ఎడారి నుంచి ఆయన తెచ్చుకోవాల్సిన సామాను అదీ. పద్నాలుగేళ్లు చేతిలో ఉన్న పద్ధతిని సొంతింటికి వచ్చేసరికి, "మనూరోడే కదా" అని పక్కన పెట్టేశాడు.

రెండోసారి రాసుకున్న కాగితం వేరేగా ఉంది. ప్లాస్టరింగ్ చదరపు అడుగుల్లో, కాంక్రీటు ఘనపుటడుగుల్లో, కరెంటు పాయింటు లెక్కన, వేటికవే రేట్లు. కొలతలు ఇద్దరూ కలిసి తీయాలి. కవర్ బ్లాకులు (రాడ్డు కింద ఎడం కోసం పెట్టే దిమ్మలు) 45 మి.మీ., సిమెంటు రకం, ఇసుక ఎక్కడిది, ఎన్ని రోజులు తడపాలి, ఎవరు తడపాలి, అన్నీ రాశారు. పాత టేకు తలుపులు, తాటి దూలాలు, పెంకులు, రాడ్డు ముక్కలు ఎవరివో కూడా రాశారు. నమ్మండి, పాత ఇళ్ల పనుల్లో సగం తగాదాలు ఆ తలుపుల దగ్గరే వస్తాయి. డబ్బు పని దశలను బట్టి ఇవ్వడం, చివరి పదో వంతు ఒక వానాకాలం గడిచాక ఇవ్వడం. ఈ చివరి షరతుకి కాంట్రాక్టరు మొదట ఒప్పుకోలేదు. ఏసీలు మూడు తగ్గించుకుని ఆ డబ్బుతో మెటీరియల్ బిల్లులు ఏ రోజుకారోజు తీర్చేస్తామని మాటిచ్చాక ఒప్పుకున్నాడు. అది న్యాయమైన బేరమే. శనివారం కూలీలకి ఇవ్వాల్సిన డబ్బు అతను అప్పు తెచ్చి ఇవ్వాల్సి వస్తే ఆ వడ్డీ ఎక్కడో మన సిమెంటులోంచే తగ్గుతుంది.

బడ్జెట్లో ఆరో వంతు విప్పి చూశాక బయటపడే పనుల కోసం ముట్టుకోకుండా ఉంచాం. పైపులు, కరెంటు గొట్టాలు గోడలో మూసే ముందు టేపు పక్కన పెట్టి ఫొటోలు తీయడం మా మేనకోడలి పని. పదేళ్ల తర్వాత మేకు కొట్టాలన్నా ఆ ఫొటోలే దారి చూపిస్తాయి.

తగాదా ముదిరితే దారి ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ఇంటి నిర్మాణం కూడా సేవ కిందికే వస్తుంది. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కి వెళ్లవచ్చు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్లలోపు వెళ్లాలి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఏది చేసినా చూపించడానికి ఆ కాగితం, ఆ ఫొటోలు ఉండాలి. సముద్రపు పోటు గీతకు 500 మీటర్లలోపు ఇల్లైతే తీరప్రాంత నిబంధనలు వర్తిస్తాయి కాబట్టి గోడ కదిపే ముందే పంచాయతీలో అడిగి తెలుసుకోవాలి. కొత్త అంతస్తు వేయాలన్నా అంతే, అనుమతి తర్వాతే పునాది మాట.

పని కాలం గురించి ఒక్క మాట. సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి, స్లాబు పని రోహిణి కార్తెకు ముందే ముగించి, జూన్ నడిమికల్లా కప్పు మూసేయాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో ఇంటి కప్పు తెరిచి ఉండకూడదు. ఆ నెలల్లో తుపానులు, వాటి వెనకే వరికోతలు. కూలీలు పొలాల్లో ఉంటారు.

మా వాళ్ల వంటింటి స్లాబు మే మొదటి వారంలో పడింది. పద్నాలుగు రోజులు గోనెలు తడిపారు. వాలు వేసి పూత పూర్తయ్యాక తూములకి పాలిథిన్, గోనె కుక్కి, డాబా మీద రెండు అంగుళాల నీళ్లు నిలబెట్టారు. ముసలి మేస్త్రీ పిట్టగోడ మీద నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత గీశాడు, పక్కనే ఒక బకెట్టులో అంతే నీళ్లు పోసి దానికీ గీత పెట్టాడు. ఎండకి ఎంత ఆవిరైందో బకెట్టు చెబుతుంది, అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ నీరు స్లాబులోకి పోతున్నట్టు. రెండు రాత్రులు అలా ఉంచారు. మూడో రోజు తెల్లవారుజామున బావ పైన గీతలు కొలుస్తున్నాడు. కింద మా అక్క స్టూలెక్కి, టార్చి వెలుగులో స్లాబు అడుగంతా అరచేత్తో తడుముకుంటూ, ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్తోంది. "పొడిగానే ఉంది" అని కేకేసింది. పైన బావ గీతలు ఇంకోసారి కొలిచాడు.